ఒక్కసారే పోత పోసిన గుర్రం

ఆ గుర్రం బొమ్మను నేను మొదటిసారి చూసింది కడపలో, ఏడురోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్‌లో. అప్పుడు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. గుర్రానికి ఒకప్పుడున్న వేళ్లన్నీ పోయి చివరికి ఒక్క గిట్ట ఎలా మిగిలిందో పిల్లలకు చూపించడానికి పటాలు వెతుకుతున్నాను. ఒకదాని మీద నొక్కబోయి పక్కదాని మీద నొక్కాను. ఏదో చల్లటి దేశంలోని చిన్న బొమ్మల కంపెనీ పేజీ తెరుచుకుంది. ఆ రోజుల్లో ఫొటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. ముందు చెవులు వచ్చాయి. తర్వాత నుదురు. కళ్లు వచ్చేసరికి నా చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

బూడిద కలిసిన తెలుపు. మెడ మీద సన్నటి నల్ల చుక్కలు. కుడి కన్ను మామూలుగా నల్లన. ఎడమ కన్ను నీలం. తల సగం వెనక్కి తిప్పి, ఎవరో రావలసినవాళ్ల కోసం చూస్తున్నట్టు ఉంది.

ఆ గుర్రం నాకు తెలుసు.

నేను పుట్టి పెరిగింది కర్నూలు పాత ఊళ్లో. మా నాయనకు కిరాణా అంగడి. అంగడికి సరుకు తెచ్చే జట్కానే పొద్దున మా వీధి పిల్లల్ని బడికి తీసుకెళ్లేది. జట్కా తోలే ముసల్మాను ఆయన్ని మేమంతా చాచా అనేవాళ్లం. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు ఉంటాయేమో. గడ్డి పరిచిన గోనెపట్టా మీద ముందువైపు కూర్చోవడానికి పిల్లలెవరూ ఒప్పుకునేవాళ్లు కాదు, గుర్రం తోక మొహానికి తగులుతుందని. నేను మాత్రం అక్కడే కూర్చునేదాన్ని. మేం ఎక్కుతున్నంతసేపూ అది తల వెనక్కి తిప్పి నీలం కన్నుతో చూసేది. అందరూ ఎక్కాక, చాచా ఏమీ అనకముందే కదిలేది.

ఆ కన్ను గురించి ఊళ్లో మంచి మాట లేదు. పిల్లికన్ను గుర్రం ఎదురైతే పని చెడుతుందనేవాళ్లు. పెళ్లివాళ్లు ఆ జట్కాను పిలిచేవాళ్లు కాదు. మా అమ్మ కూడా నన్ను సాగనంపుతూ, “దాని కంట్లోకి చూడాకుమే” అనేది. నేను చూసేదాన్ని. అందులో నా మొహం కాకుండా ఎక్కడిదో ఆకాశం ముక్క కనిపించేది.

ఊళ్లోకి ఆటోలు వచ్చాయి. ఒక్కొక్క ఇల్లే జట్కా మానేసింది. ఒకరోజు పొద్దున జట్కా రాలేదు. సాయంత్రం నేను చాచా ఇంటికి పోయి అడిగాను.

“గుర్రం యాడ చాచా?”

ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడలేదు.

“కడపకు అమ్మినా పాపా.”

“మళ్లా వస్తాదా?”

“ఎందుకొస్తాది? ఆడ దానికి శానా బాగుంటాది.”

అలా కడప అంటే నాకు ఆ గుర్రం ఉండే ఊరు అయింది. చదువు అయ్యాక ఉద్యోగం కడపలో రావడం, పెళ్లి కూడా ఆ ఊరి మనిషితోనే కావడం దేవుడు చేసిన చిత్రం. గుర్రం అన్నేళ్లు బతకదని జంతుశాస్త్రం చదివిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా జట్కాలు ఆగే దర్గా వైపు పోయినప్పుడల్లా, పెళ్లి ఊరేగింపు ఎదురైనప్పుడల్లా గుర్రం ఎడమవైపుకు పోయి నిలబడేదాన్ని. మా ఇంటి వెనక వీధిలో బండలు చెక్కే షెడ్లు ఉండేవి. మధ్యాహ్నం పూట ఉలి మీద సుత్తి దెబ్బ దూరం నుంచి గిట్టల చప్పుడులా వినిపించేది. అది సుత్తేనని తెలిసి కూడా ఎన్నోసార్లు కిటికీ దగ్గరికి పోయాను.

నాకు అప్పటికే జంతువుల బొమ్మలు సేకరించే అలవాటు ఉంది. క్లాసులో చూపించడానికని మొదలుపెట్టి, క్లాసుకు తీసుకుపోవడం మానేసి, అద్దాల బీరువాలో దాచుకునేదాకా వచ్చింది. ఒంటె, తాబేలు, పునుగుపిల్లి, ఎద్దు. కానీ ఒక బొమ్మ లేకపోతే నిద్ర పట్టకపోవడం అంటే ఏమిటో ఆ పేజీ చూశాకే తెలిసింది.

ఆ బొమ్మ అంగళ్లలో దొరకదు. లిమిటెడ్ ఎడిషన్. కొద్ది బొమ్మలే పోస్తారు, ఆ తర్వాత అచ్చు పగలగొడతారు. అది కూడా ముందుగా ఇంటర్‌నెట్‌లో డబ్బు కట్టి ప్రీఆర్డర్ చేసుకున్నవాళ్లకే. మూడు విడతలుగా ఆర్డర్లు తీసుకుంటామని రాశారు. వాళ్ల పొద్దుట అంగడి తెరిచే వేళ మనకు మిట్టమధ్యాహ్నం.

మా ఆయన నీటిపారుదల శాఖలో పని చేసేవాడు. విని నవ్వాడు.

“అమ్ముడుపోయే సరుకు అచ్చును ఎవుడన్నా పగలగొడతాడా?”

“అట్ల పగలగొడతారనే దాన్ని కొంటారంట.”

“వాళ్లు శానా తెలివైనోళ్లు. నా కార్డు తీస్కపో.”

మొదటి విడత రోజు సెలవు పెట్టి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. సమయానికి పేజీ తెరుచుకుంది. గుర్రం నా బుట్టలో పడింది. అడ్రసు రాశాను. మా ఫోను నంబరులో అంకెలు ఎక్కువున్నాయని ఎర్ర అక్షరాలతో వెనక్కి పంపింది. అంకెలు సరిచేశాను. రాష్ట్రం పేరు ఎంచుకోమంది. అందులో ఉన్నవన్నీ వాళ్ల దేశపు రాష్ట్రాలు. ఏదో ఒకటి ఎంచుకుంటే పిన్‌కోడు దానికి కలవలేదంది. చివరికి ఎలాగో దాన్ని ఒప్పించి తర్వాతి పేజీకి పోయేసరికి బుట్ట ఖాళీ. గుర్రం ఫొటో కింద ‘అయిపోయాయి’ అన్న మాట.

రెండో విడతకు అంతా ముందే సిద్ధం చేసుకున్నాను. అడ్రసు ఎలా రాస్తే తీసుకుంటుందో కంపెనీకి మెయిల్ పెట్టి తెలుసుకున్నాను. బ్యాంకుకు ఫోను చేసి కార్డు విదేశాల్లో పని చేసేట్టు చేయించాను. అది ఎండాకాలం. సరిగ్గా డబ్బు కట్టే పేజీ దగ్గర కరెంటు పోయింది. నెట్ సెంటర్ ఆయన పరుగెత్తుకుంటూ పోయి జనరేటర్ వేశాడు. కంప్యూటర్ మళ్లీ లేచి పేజీ వచ్చేసరికి మళ్లీ అదే మాట. ఆయన తన తప్పేదో ఉన్నట్టు నా వెనకాలే నిలబడ్డాడు.

“జనరేటర్ ఏసేలోపలే అయిపోయినాయా మేడం? అంత బిరీన కొనేటోళ్లు ఎవురు మేడం?”

ఎవరో ఆ వారంలోనే తెలిసింది. కొన్నవాళ్లలో చాలామంది వేలం పాటల సైట్లో దాన్ని మూడింతలకు, నాలుగింతలకు అమ్మకానికి పెట్టారు. బొమ్మ ఇంకా తయారు కాలేదు. అచ్చులో పోత కూడా పోయలేదు. లేని గుర్రాన్ని ఒకరి నుంచి ఒకరు కొనుక్కుంటున్నారు. వాళ్లకు ఆ కన్ను ఏ వైపుందో కూడా తెలియకపోవచ్చు అనుకుంటే కడుపు మండింది. అంత కోపం నాకు మనుషుల మీద ఎప్పుడూ రాలేదు.

మూడో విడత నాటికి ఇంటికే ఇంటర్‌నెట్ వచ్చింది. ఆ రోజు కరెంటు ఉంది. కార్డు పని చేసింది. అడ్రసు తీసుకుంది. ‘మీ ఆర్డరు అందింది’ అని మెయిల్ వచ్చింది. బీరువాలో మధ్య అర ఖాళీ చేసి, అద్దం తుడిచి పెట్టుకున్నాను.

తర్వాత ఎదురుచూపు. వానాకాలానికి పంపుతామన్నారు. వానాకాలం పోయింది, వాన కూడా రాలేదు. రంగు సరిగా కుదరలేదని ఒక మెయిల్. పోత పోసేచోటు మారిందని ఇంకొకటి. సంక్రాంతి దాటింది, శివరాత్రి దాటింది. నాకు ఒక కల వచ్చేది. పేజీ తెరుచుకుంటుంది, చెవులు వస్తాయి, నుదురు వస్తుంది, కళ్లు రాబోతుండగా ఆగిపోతుంది. మెలకువ వచ్చాక కూడా ఆ ఆగిపోయిన బొమ్మ గదిలో ఎక్కడో ఉన్నట్టే ఉండేది.

చివరికి వచ్చిన మెయిల్ మర్యాదగా ఉంది. లెక్క తప్పి ఉన్నవాటికన్నా ఎక్కువ ఆర్డర్లు తీసుకున్నారట. నాది రద్దు చేసి డబ్బు వాపసు ఇస్తున్నారట. అచ్చు పగలగొట్టేశారు కాబట్టి ఇంకొకటి పోయడం కుదరదట. విచారిస్తున్నారట.

నేను వంటింట్లోకి పోయి బియ్యం కడిగాను. కడిగిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ కడుగుతుంటే మా ఆయన వచ్చి గిన్నె తీసి పక్కన పెట్టాడు.

“బొమ్మే గదా. ఇంగోటి కొందాంలే.”

అప్పుడు, పెళ్లయిన అన్నేళ్లకు, ఆయనకు జట్కా గుర్రం సంగతి చెప్పాను. కడపకు అమ్మినారన్న మాట కూడా చెప్పాను. ఆయన వింటూనే ఆ బియ్యాన్ని పొయ్యి మీదికెక్కించాడు. తర్వాత, “అయితే నువ్వు కడపకొచ్చింది నా కోసం గాదన్నమాట” అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది.

బొమ్మలు సేకరించేవాళ్లంతా ఫొటోలు పెట్టుకునే ఒక సైట్ ఉండేది. ఎవరెవరి ఇళ్లలోనో ఆ గుర్రం నిలబడి ఉండేది, మంచు కురుస్తున్న కిటికీల ముందు, పుస్తకాల మధ్య. ఒకసారి తట్టుకోలేక ఒక ఫొటో కింద నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. ఇలాంటి గుర్రం నన్ను బడికి తీసుకెళ్లేదని, ఎవరికైనా అక్కర్లేకపోతే నాకు చెప్పమని. ఎవరూ పలకలేదు. కొన్ని నెలల తర్వాత ఒక పెద్దావిడ రాసింది. చిన్న ఇంట్లోకి మారుతున్నానని, సగం బొమ్మలు ఇచ్చేస్తున్నానని, తను కొన్న ధరకే గుర్రాన్ని పంపుతానని.

పెట్టె వచ్చింది. కస్టమ్స్ వాళ్లు ఒకసారి విప్పి మళ్లీ అంటించినట్టున్నారు. మా ఆయన బ్లేడుతో కోసి, కాగితాలన్నీ తీసి దాన్ని నా చేతిలో పెట్టాడు. జానెడు ఎత్తు. అనుకున్నదానికన్నా బరువు. చల్లగా ఉంది.

నాకు సంతోషం కలుగుతుందని ఎదురుచూశాను. అది కాదు కలిగింది. ఇంట్లోకి ఎవరో వచ్చి, కూర్చోమనలేదని నిలబడే ఉన్నట్టు అనిపించింది. బీరువాలో పెట్టబుద్ధి కాలేదు. రాసుకునే బల్ల మీద పెట్టాను. పేపర్లు దిద్దుతూ తలెత్తితే అది నన్ను చూడడం లేదు, నా భుజం మీదుగా నా వెనక దేన్నో చూస్తోంది. నేనూ వెనక్కి తిరిగి చూసేదాన్ని. తలుపు, గోడ, క్యాలెండరు. మా ఆయన కూడా ఒకరోజు అన్నాడు.

“దాని మొకం అట్ల తిప్పు. ఎవురో వచ్చినట్లే ఉండాది.”

అటు తిప్పితే ఇంకా అధ్వానం. దాని వీపు చూస్తుంటే మమ్మల్ని వదిలి పోతున్నట్టు ఉండేది.

చాచా బతికే ఉన్నాడని, కొడుకు ఆటో తోలుతున్నాడని మా అన్న చెప్పి ఉన్నాడు. ఆయనకు ఒకసారి దీన్ని చూపించాలనిపించింది. చూపించి వెనక్కి తెచ్చుకోవాలని. ఆ మాట స్పష్టంగానే అనుకున్నాను. పరీక్షల పని మీద కర్నూలు పోయినప్పుడు పాత చీరలో చుట్టి సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను.

ఇల్లు అదే. గుర్రాన్ని కట్టేసే కొట్టంలో ఇప్పుడు ఆటో పెట్టుకుంటున్నారు. చాచా కోడలు నన్ను లోపలికి పిలిచింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. చూపు మాత్రం ఉంది.

“శెట్టి బిడ్డవా? ముందర కూసుండే పాపవు గదా నువ్వు? యాడుండావు ఇప్పుడు?”

“కడపలో చాచా.”

ఆ మాటకు ఆయన మొహం ఒక్క క్షణం బిగుసుకుంది. నేను చీర విప్పి గుర్రాన్ని ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వెలుతురు వైపు పట్టుకున్నాడు. కన్ను మీద బొటనవేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. కోడలు టీ తెచ్చింది. ఆయన చూడలేదు.

“ఎవురు జేసినారు?”

“వేరే దేశమోళ్లు. వాళ్లకు మన గుర్రం సంగతి తెలీదు చాచా. ఊరికే కలిసింది.”

“ఊరికే కలవదు” అన్నాడు. తర్వాత చెప్పాడు.

గుర్రాన్ని కడపకు అమ్మలేదు. ఎవరికీ అమ్మలేదు. ఆ కన్ను చూసి సంతలో ఒక్కరూ దగ్గరికి రాలేదు. కరువు సంవత్సరం. ఇంట్లో పిల్లలకే గింజలు లేవు, ఉలవలు ఎక్కడ తెస్తాడు? ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర నీళ్ల మడుగు ఒకటి ఉందని, కాస్త గడ్డి ఉందని విని అక్కడిదాకా నడిపించుకుని పోయి వదిలిపెట్టి బస్సెక్కి వచ్చాడు.

“తెల్లారి తలుపు తీస్తే వాకిట్లో నిలబడుండాది. కాళ్లంతా దుమ్ము. నన్ను జూసి తల ఇట్ల ఆడించింది, బండికి కట్టమన్నట్లు.”

“మళ్లా ఏం చేసినావు చాచా?”

“మళ్లా తీస్కపోయినా. ఈతూరి కట్టేసినా.”

కోడలు తలుపు దగ్గరే నిలబడి వింటోంది. ఆమెకూ ఈ మాట కొత్తేనని ఆమె మొహం చూస్తే తెలిసింది.

“మడుగు కాడ తుమ్మ చెట్టుకు కట్టేసి వచ్చినా. వస్తాంటే నా ఎనక్కే జూస్తా ఉండె. ఇంటికొచ్చినంక అన్నం దిగలా. తెల్లారి బస్సుకే ఉరికినా, ఇప్పేద్దామని. చెట్టు ఉండాది, తాడు ఉండాది. తాడు కొరికినట్లుండె. గుర్రం లే.”

“ఎవరన్నా తీసుకపోయింటారు.”

“ఉండొచ్చు. ఇంటికొస్తా దోవలో యాడన్నా పడిపోయిండొచ్చు. నాకేం తెల్సు? శానా దినాలు తెల్లారుజామునే తలుపు తీసి జూస్తాంటి. మీ పిల్లోళ్లకేమో కడప అని చెప్పినా. చెప్పీ చెప్పీ నాక్కూడా అదే నిజం మాదిరయిపాయ.”

ఆయన లేచాడు. గోడ పట్టుకుని గడప దాకా నడిచి, గుర్రాన్ని కింద పెట్టాడు. తల ఇంటి లోపలికి ఉండేట్టు పెట్టాడు.

“రానీ లోపలికి” అన్నాడు.

దాన్ని తిరిగి ఎలా అడగను? టీ చల్లారిపోయింది, తాగాను. ఖాళీ చీర మడిచి సంచిలో పెట్టుకున్నాను. నేను బయలుదేరుతుంటే ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

“పాపా, కడపలో ఉండావు గదా. యాడన్నా కనపడిందా?”

“చూస్తా చాచా” అన్నాను.

కర్నూలు నుంచి కడప పోయే బస్సు ఓర్వకల్లు మీదుగానే పోతుంది. ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగాను. ఆ రాళ్లను చూసి పిల్లల్లా ఏనుగు, తాబేలు అని పేర్లు పెట్టుకున్నాను. ఆ రోజు చూడలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. మూసుకున్నా ఎండ ఎర్రగా లోపలికి వచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆయన సంచి చూసి, “గుర్రమేది?” అన్నాడు. చెప్పాను. అన్ని నెలలు దాని కోసం నేను పడ్డ పాట్లన్నీ చూసిన మనిషి. “మంచి పని జేసినావు” అన్నాడు. నాకు అలా అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆ రాత్రి అన్నం తింటూ ఎలా వెనక్కి తెచ్చుకోవడమా అని ఆలోచించాను. బండలు చెక్కే షెడ్లలో చప్పుడు ఇప్పుడు ఇంకా దగ్గరగా వినిపించేది. పైగా ఇప్పుడు ఆ చప్పుడులో తాడు ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఇంకొక చప్పుడు కలిసింది.

అందుకే చాచా కోడలు ఫోను చేసినప్పుడు, చెప్పకూడదు గానీ, నా ప్రాణం లేచి వచ్చింది.

“అక్కా, నీకు పుణ్యముంటాది, ఆ గుర్రం బొమ్మ తీస్కపో. మామ తెల్లారుజామునే లేసి తలుపు తీసి వాకిట్లో నిలబడతాండాడు. చలి. మొన్న గడప తట్టుకోని పడ్డాడు. అడిగితే, చప్పుడైంది, ఎవురో తలుపు కాడికి వచ్చినారు అంటాడు. మా పిల్లలు బయపడతాండారు.”

ఆ ఆదివారమే పోయాను. పాత చీర మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. బస్సులో బీరువా మధ్య అర గురించే ఆలోచించాను. ముసలాయన పడ్డాడన్న దిగులు లేదని కాదు, దాని పక్కనే ఇది కూడా ఉంది.

చాచా మంచం మీద ఉన్నాడు. మోచేతికి కట్టు. గుర్రం తలగడ పక్కన ఉంది. నేను నోరు తెరవకముందే ఆయన నా సంచి వైపు చూశాడు.

“కోడలు పిలిపించింది గదా?”

“పడిపోతాండావంట చాచా. నా దగ్గర జాగ్రత్తగా పెట్టుకుంటా. ఎప్పుడు చూడాలన్నా తెస్తా.”

“నువ్వు తెచ్చిచ్చినావు. నీదే. కావాలంటే తీస్కపో.” ఆయన గుర్రాన్ని ఎత్తి నా వైపు చాచాడు. నేను అందుకోబోయాను. “కానీ బిడ్డా, ఇంటికొచ్చినదాన్ని మళ్లా పంపిస్తే, అప్పుడు ఇడిసిపెట్టినట్లే ఇప్పుడూ ఇడిసిపెట్టినట్లు గాదా?”

నా చెయ్యి గాలిలోనే ఆగింది. తర్వాత దాన్ని దించుకున్నాను.

కోడలు నన్ను చూసింది, ఆయన్ని చూసింది. విసుగ్గా నిట్టూర్చి, కొంగు నడుముకు చెక్కుకుంది.

“సరే, అది పోయేది లే, నువ్వు తలుపు తీసేది మానేది లే. మంచాన్నే తలుపు కాడికి ఏస్తా. పండుకున్న చోటు నుంచే చూసుకో. లేసినావంటే మాత్రం బాగుండదు మామా. అక్కా, ఆ కొస పట్టుకో.”

చాచా లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని మంచం ఎత్తాం. పాత నులక మంచం, తిప్పుతుంటే ద్వారంలో మంచంకోళ్లు ఇరుక్కున్నాయి. ఆయన గుర్రాన్ని కట్టున్న చేత్తో రొమ్ముకు అదుముకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని మా వెనకాలే వస్తూ, “తలాపు వాకిలి దిక్కు ఉండాల” అన్నాడు. మంచం దించి, మళ్లీ ఎత్తి, ఆయన చెప్పిన వైపుకు తిప్పి వేశాం.